మస్తాన్ గారు చెప్పాల్సిన దారి

తిరువూరులో నేను ఉన్నది మూడు నెలలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పని, శని ఆదివారాలు సెలవు. ఆ సెలవుల్లో చేసిన ప్రయాణాల గురించి రాయమని మలేషియాలో మా ఊరి తెలుగువాళ్ళు అడిగారు. నాలాగే వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి రావాలనుకునేవాళ్ళు ఇక్కడ ఇంకొందరున్నారు. వాళ్ళకి పనికొస్తుందని బస్సులు, వేళలు, భోజనాలు అన్నీ రాస్తాను. కానీ వాటిలో ఒక ప్రయాణం చేయాల్సినప్పుడు చేయలేదు. అది కూడా రాయాలి.

మాది పేరక్ రాష్ట్రం. మా ముత్తాత కొబ్బరి తోటల్లో పనికని విజయనగరం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చాడు. మా అమ్మ నాకు తెలుగు అక్షరాలు పీట మీద బియ్యం పోసి దిద్దించింది. ముప్పై ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి పోయినేడు రిటైరయ్యాను. పక్షవాతం వచ్చినవాళ్ళ చేత మళ్ళీ కాళ్ళూ చేతులూ ఆడించడం నా పని. తిరువూరులో ఒక చిన్న కేంద్రానికి అలాంటి మనిషి కావాలని తెలిసి నవంబరు మొదట్లో బయలుదేరాను. కౌలాలంపూర్ నుంచి హైదరాబాదుకి విమానం, అక్కణ్ణుంచి విజయవాడకి రైలు, ఆ తర్వాత బస్సులో రెండు గంటలు. మామిడి తోటలున్న ఒక రైతు కుటుంబం వాళ్ళ మేడ మీద గది ఇచ్చారు. పొద్దున టిఫిను, రాత్రి భోజనం వాళ్ళింట్లోనే.

మొదటి వారంలోనే మస్తాన్ గారు నాకు పేషెంటుగా వచ్చారు. అరవై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏడేళ్ళు బస్సు నడిపి, రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. భార్య లేదు. కూతురు జరీనా ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. శుక్రవారం నమాజు రోజు తప్ప, రోజూ పదింటికి తండ్రిని ఆటోలో తీసుకొచ్చి, పదకొండున్నరకి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేది.

నా తెలుగు ఆయనకి భలే నచ్చింది. నేను “ఏటండీ, నొప్పేటుందా?” అనగానే ఆయన పక్క మంచం మీదున్నాయన వైపు తిరిగి, “ఈవిడది మలేషియా కాదు, విజయనగరం అవతల” అన్నారు. నేను ఆయన మోకాలు వంచుతుంటే ఆయన నాకు దారులు చెప్పేవారు. ఏ ఊరికి ఏ బస్సు, ఏ వైపు కూర్చుంటే ఎండ పడదు, ఎక్కడ దిగి ఏం తినాలి, అన్నీ ఆయన నోటికే ఉండేవి. సెల్‌ఫోన్‌లో చూసిన వేళలు తప్పేవి గానీ ఆయన చెప్పినవి తప్పేవి కావు. ఆయన రిటైరైనా బస్‌స్టాండులో పాతవాళ్ళు ఫోన్లు చేసి కబుర్లు చెబుతూనే ఉండేవారట.

మొదటి శనివారం ఆయన మాట ప్రకారమే నెమలి వెళ్ళాను. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పదింటికల్లా అక్కడుండండి అన్నారు. ఎనిమిదింటి బస్సెక్కాను. కండక్టరు నా దగ్గరకొచ్చి ఆడవాళ్ళకి టికెట్టు ఫ్రీ, ఆధార్ చూపించండి అన్నాడు. నా దగ్గరున్నది మలేషియా పాస్‌పోర్టు. అది అటూ ఇటూ తిప్పి చూసి ఏం చేయాలో తెలియక చుట్టూ చూశాడు. పక్కసీట్లో ఉన్న పెనుగొలను ఊరి ఆవిడ నవ్వు ఆపుకుంటూ, ఆవిడకి టికెట్టు కొట్టెయ్యి నాయనా అంది. తర్వాత నన్ను వదల్లేదు. మలేషియాలో మనోళ్ళు ఉన్నారా, ఎంతమంది, పండగలు చేసుకుంటారా అని అడిగి, చివరికి “మరి అక్కడ పచ్చడికి కారం దొరుకుద్దా?” అంది. దొరుకుతుంది గానీ ఇంత ఎర్రగా ఉండదన్నాను. ఆవిడ దిగేటప్పుడు తన సంచిలోంచి నాలుగు జామకాయలు తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

నెమలిలో వేణుగోపాలస్వామి దర్శనం అరగంటలో అయిపోయింది. తిరుగు బస్సు కోసం కూర్చోకండి, షేర్ ఆటో పట్టుకోండి అని కూడా మస్తాన్ గారు ముందే చెప్పారు. ఒంటిగంటకి గదికి వచ్చేశాను. సోమవారం ఆయనకి ఇదంతా చెబితే, తానే వెళ్ళొచ్చినంత శ్రద్ధగా విన్నారు. జామకాయల మాట విని, పెనుగొలనులో ఫలానా ఇంటి చెట్టువై ఉంటాయన్నారు.

రెండో వారం విస్సన్నపేట, మూడో వారం కొండపల్లి. కొండపల్లికి ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదిన్నరకి దించాడు. ఎండెక్కక ముందే కోట చూసి, కిందికొచ్చి బొమ్మలు చేసేవాళ్ళ వీధిలో తిరిగాను. ఒకాయన ఏనుగు అంబారీకి రంగు వేస్తూ, తొందర లేకపోతే ఆరేదాకా కూర్చోమన్నాడు. కూర్చున్నాను. వెళ్ళేవాళ్ళకి నా సలహా, కోటకి మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళండి.

ఇన్ని దారులు చెప్పిన మనిషి ఒక్క దారి గురించి మాత్రం చెప్పేవారు కాదు. అది భద్రాచలం దారి. పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్ళే ఆ రూటులోనే ఆయన పద్నాలుగేళ్ళు బస్సు నడిపారు. దాని గురించి అడిగితే, అది మంచం మీద పడుకుని చెప్పేది కాదు మేడం, బస్సులో కూర్చుని ఒక్కో చోటూ వస్తుంటే చెప్పాలి అనేవారు. ఒకరోజు గోడ పట్టుకుని నిలబడి, ఇంకెవరికీ వినబడకుండా అడిగారు.

“ఒక్కసారి ఆ గోదావరి వంతెన దాటాలని ఉంది. మీతో తీసుకెళ్తారా? జరీనాకి చెబితే భయపడుద్ది.”

బస్సుకి మూడు మెట్లుంటాయి, ఆ మూడూ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కితే తీసుకెళ్తానన్నాను. మా వృత్తిలో ఇది మామూలే. మనిషికి ఒక గురి ఇస్తే కాలు దానంతటదే కదులుతుంది. కేంద్రం వెనకాల వడ్రంగి చేత చెక్క మెట్లు మూడు చేయించాను. బస్సు మెట్లంత ఎత్తు ఉండాలని మస్తాన్ గారే కొలతలు చెప్పారు. ఆయన రోజుకి ఇరవైసార్లు వాటిమీద ప్రయత్నించేవారు. చెమటతో చొక్కా తడిసిపోయేది. ముందు ఒక మెట్టు, పది రోజులకి రెండు. డిసెంబరు రెండో వారంలో ఒక బుధవారం కమ్మీ పట్టుకుని మూడు మెట్లూ ఎక్కేసి, పైన నిలబడి, రైట్ రైట్ అన్నారు. కింద ఉన్నవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. ఆ శనివారమే పొద్దున ఆరింటి భద్రాచలం బస్సుకి వెళదామని మాట ఇచ్చాను. జరీనా కూడా ఒప్పుకుంది.

గురువారం సాయంత్రం హాన్నా వచ్చింది. ఆ అమ్మాయి జర్మనీ నుంచి వచ్చిన నర్సు, మా కేంద్రంలోనే పనిచేసేది. ఇద్దరు స్నేహితురాళ్ళతో అరకు వెళ్తోంది. ఒకామె రావడం లేదు, రైలు టికెట్టు, గది అన్నీ ఉన్నాయి, మీరు రండి అంది. అరకు నా జాబితాలో మొదటి నుంచీ ఉంది. మా ముత్తాత వాళ్ళ వైపు కొండలు కదా అని ఇంకొంచెం ఆశ. నాకు మిగిలినవి ఆరు వారాలు. మస్తాన్ గారు ఎక్కడికి పోతారు, వచ్చే శనివారం తీసుకెళ్ళొచ్చు అనుకున్నాను. చాలా తేలిగ్గా అనుకున్నాను.

ఆయనకి నేనే ఫోను చేసి చెప్పాల్సింది. పర్లేదు మేడం అంటారని నాకు తెలుసు. ఆ మాట ఆయన గొంతులో వినడం ఇష్టం లేక, శుక్రవారం కేంద్రంలో ఆయాకి చెప్పి జరీనాకి కబురు చేయమన్నాను. మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోయాను.

అరకు బాగుంది. బాగోలేదని అబద్ధం చెప్పను. విశాఖపట్నంలో పొద్దున ఏడింటికి ముందే రైలెక్కాలి, కుడివైపు కిటికీ దొరికితే లోయలు కనిపిస్తాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. పదకొండు దాటాక దిగాం. కాఫీ తాగాం, వెదురు బొంగులో కాల్చిన కోడికూర తిన్నాం. చలికి నేను హాన్నా స్వెట్టరు వేసుకున్నాను. ఆదివారమంతా కొండల్లో తిరిగాం.

సోమవారం పదింటికి కేంద్రానికి వెళ్తే మస్తాన్ గారు అప్పటికే మెట్ల దగ్గరున్నారు. అరకు ఎలా ఉంది మేడం, సొరంగాలు లెక్కపెట్టారా అని అడిగారు. లెక్క తప్పానన్నాను. ఆయన నవ్వారు. ఆయన వెళ్ళబోతుండగా జరీనా నన్ను పక్కకి పిలిచింది. ఆయా కబురు చేయడం మరిచిపోయింది. శనివారం తెల్లవారుజామున నాలుగింటికే ఆయన లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేయించుకున్నారు. జరీనా చపాతీలు చేసి డబ్బాలో పెట్టింది. ఐదున్నరకి బస్‌స్టాండుకి వచ్చి కూర్చున్నారు. ఆరింటి బస్సు వచ్చింది. డ్రైవరు తెలిసినవాడే, ఎక్కండన్నా అన్నాడు. మేడం వస్తారు, తర్వాత బస్సుకి వస్తాం అన్నారట ఈయన. ఎనిమిదింటి దాకా కూర్చున్నారు. అప్పుడు నా ఫోను కలవక జరీనా ఆయాకి ఫోను చేస్తే సంగతి తెలిసింది.

“మిమ్మల్ని ఏమీ అనొద్దని ఒట్టేయించుకున్నాడు మేడం. అయినా చెప్పాలనిపించింది,” అంది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి తప్పయిపోయిందన్నాను. ఆయన కుడిచెయ్యి అడ్డంగా ఊపి, బస్సు మళ్ళీ శనివారం కూడా ఉంటుంది కదా మేడం అన్నారు. వచ్చే శనివారం ఖాయం అన్నాను.

ఆ గురువారం పొద్దున ఆయన రాలేదు. పదిన్నరకి జరీనా ఫోను చేసింది. పళ్ళు తోముకుంటూ కూలబడిపోయారట, విజయవాడ తీసుకెళ్తున్నారట. పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. ఆదివారాలు నేను బస్సులో విజయవాడ వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. కుడిచేయి కొద్దిగా వణికి మళ్ళీ సర్దుకుంది. కాళ్ళు మునుపటిలాగే ఉన్నాయి. పోయింది మాట. ఎదుటివాళ్ళు అన్నది అర్థమవుతుంది, తను అనాలనుకున్నది మాత్రం నోటికి రాదు. ఒక్క మాట మిగిలింది. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా, కూతుర్ని పిలవాలన్నా, “అదే… అదే” అనేవారు.

ఇలాంటి వాళ్ళని నేను నా ఉద్యోగంలో వందలమందిని చూశాను. కొందరికి మాట కొంత తిరిగి వస్తుంది, నెలలు పడుతుంది, కొందరికి రాదు. ఇంటివాళ్ళకి ఓపికగా ఉండండని చెప్పే మనిషిని నేనే. ఈసారి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను ఆ శనివారం ఆయన పక్కన బస్సులో కూర్చున్నా ఈ జబ్బు ఆగేది కాదు, అది నాకు తెలుసు. కానీ అప్పటికి ఆయన దగ్గర మాటలున్నాయి.

జనవరిలో ఆయన మళ్ళీ కేంద్రానికి రావడం మొదలుపెట్టారు. వచ్చిన మొదటిరోజే నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి, ఆ మెట్ల దగ్గరికి లాక్కెళ్ళారు. నెలాఖరుకి నా విమానం. దానికి ముందు శనివారం వెళ్దామా అని అడిగితే రెండుసార్లు తలూపారు.

ఆ శనివారం ఐదింటికే నేను బస్‌స్టాండులో ఉన్నాను. చలిగా ఉంది, మంచు. ఐదున్నరకి ఆటోలో వాళ్ళిద్దరూ వచ్చారు. ఆరింటికి బస్సొచ్చింది. ఆయన కమ్మీ పట్టుకుని మొదటి మెట్టెక్కారు, రెండోది ఎక్కారు, మూడో మెట్టు మీద ఆగిపోయారు. వెనకవాళ్ళు ఎవరూ తొందరపెట్టలేదు. నేను చేయి చాపాను గానీ ముట్టుకోలేదు. ఆయనే ఎక్కారు. డ్రైవరు ముప్పై ఏళ్ళవాడు, కొత్తవాడు. సంగతి కండక్టరు చెప్పగానే ముందు సీట్లో ఉన్నవాళ్ళని లేపి, “ఇక్కడ కూర్చోండి బాబాయ్, రోడ్డు కనబడుద్ది,” అన్నాడు. మస్తాన్ గారు కిటికీ వైపు, పక్కన నేను, వెనక జరీనా.

తిరువూరు దాటగానే తెలంగాణ వచ్చేస్తుంది. పెనుబల్లి వచ్చేసరికి ఎండ మొదలైంది. ఆయన కుడిచేయి ఎత్తి ఒక గేటు వైపు చూపించి, అదే అన్నారు. నేను చూశాను. మామూలు ఇనుప గేటు, వెనక కొబ్బరిచెట్లు. ఇక్కడ తెలిసినవాళ్ళున్నారా అని అడిగాను. కాదన్నట్టు తలూపారు. ఇక్కడ బస్సు చెడిపోయిందా? కాదు. ఈలోపు ఆ గేటు వెనక్కి పోయింది.

ఎనిమిదింటికి కొత్తగూడెంలో పదిహేను నిమిషాలు ఆపారు. కిందికి దిగకుండా ఇడ్లీ తెప్పించుకుని తిన్నాం. ఆ తర్వాత ఒక మలుపు దగ్గర ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అదే, అదే అంటూ నా మోచేయి తడుతూ, మొదట రోడ్డు, తర్వాత తన ఛాతీ, తర్వాత పైకప్పు చూపించారు. డ్రైవరు కూడా అద్దంలోంచి చూసి నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. నేను వెనక్కి తిరిగి జరీనాని అడిగాను. తనకీ తెలియదంది. డ్యూటీ నుంచి వచ్చాక ఆయన ఇంట్లో ఎప్పుడూ రోడ్డు సంగతులు చెప్పలేదట. అడిగే తీరిక మాకూ లేదు ఆంటీ అంది. అప్పటిదాకా నన్ను మేడం అనేది.

పాల్వంచ దాటాక ఒక చోట ఆయన చూపించలేదు, నవ్వలేదు. రోడ్డు పక్కన చిన్న కల్వర్టు. అది వచ్చే ముందే ఆయన కుడికాలు నేలమీద బ్రేకు తొక్కినట్టు బిగుసుకుంది. తర్వాత కళ్ళు మూసుకున్నారు. నేనేమీ అడగలేదు. ఏమడిగినా తలూపి అవును, కాదు అనే చెప్పగలరు. ఆ రెండు మాటల్లో పట్టేదిగా అనిపించలేదు.

తొమ్మిదిన్నర దాటాక సారపాక, ఆ వెంటనే వంతెన. గోదావరి జనవరిలో సగం ఇసుక, సగం నీళ్ళు. డ్రైవరు ఏమనుకున్నాడో, వంతెన మీద బస్సుని బాగా నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక లారీలు హారన్లు కొట్టాయి. మస్తాన్ గారు కిటికీ కమ్మీకి నుదురు ఆనించి, అవతలి ఒడ్డు వచ్చేదాకా అలాగే చూశారు. 

భద్రాచలంలో నన్ను గుడికి వెళ్ళి రమ్మని సైగ చేశారు. గంటలో దర్శనం చేసుకుని వచ్చాను. వాళ్ళిద్దరూ రేవు దగ్గర గట్టు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి ఆయనే దారి చూపించారు. కర్ర ఊనుకుంటూ ఒక సందులోకి తీసుకెళ్ళి సెల్‌ఫోన్ల షాపు ముందు ఆగారు. లోపలికి తొంగిచూసి, గుమ్మానికి ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. ఇక్కడ మెస్సు ఉండేదా అని షాపు కుర్రవాణ్ణి అడిగితే, మేం వచ్చి నాలుగేళ్ళండి, ముందు ఏముండేదో తెలీదన్నాడు. పక్క వీధిలో వేరే హోటల్లో తిన్నాం. పప్పు, వంకాయ కూర, పెరుగు. భోజనం బాగానే ఉంది. ఆయన సగం వదిలేశారు.

తిరుగు బస్సు రెండున్నరకి. వచ్చేటప్పుడు ఆయన నిద్రపోయారు, తల నా భుజం మీద వాలింది. నేను మేలుకునే ఉన్నాను. ఆ కల్వర్టు, ఆ మలుపు, ఆ గేటు మళ్ళీ ఒక్కొక్కటే వచ్చాయి. వాటిని నేను గుర్తుపట్టగలిగాను, అంతకుమించి ఏమీ తెలియలేదు. ఆరు వారాల క్రితం వచ్చి ఉంటే నాలుగు గంటలపాటు ఆయన ఆపకుండా చెప్పేవారు. ఈ పాటికి ఆ దారంతా మీకు రాసి ఉండేదాన్ని.

ఆరింటికి తిరువూరులో దిగాం. దిగేటప్పుడు కూడా ఆయన చేయి పట్టుకోనివ్వలేదు. ఆటో పిలవడానికి జరీనా వెళ్ళింది. ఆయన నా చేయి తన కుడిచేతిలోకి తీసుకుని ఏదో చెప్పబోయారు. పెద్ద మాటే. పెదవులు కదిలాయి, మెడనరాలు బిగుసుకున్నాయి, నుదుటిమీద చెమట పట్టింది. అదే అన్నారు. కాదన్నట్టు తల విదిలించి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి ప్రయత్నిస్తుంటే నేను చూడలేక, “నాకు అర్థమైందండీ,” అన్నాను.

అర్థం కాలేదు. అది ఆయనకీ తెలుసు. నా మొహంలోకి కాసేపు చూసి, నా చేయి రెండుసార్లు తట్టి వదిలేశారు. ఈలోగా ఆటో వచ్చింది.

తిరువూరు వెళ్ళేవాళ్ళు భద్రాచలానికి ఆరింటి బస్సెక్కండి, సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. వంతెన దగ్గర కిటికీ తెరిచి ఉంచండి. దారిలో చూడాల్సినవి చాలా ఉన్నాయి, కానీ అవి ఏమిటో నేను చెప్పలేను. చెప్పే మనిషి రెండున్నర గంటలపాటు బస్‌స్టాండులో నా కోసం కూర్చున్నాడు, నేను వెళ్ళలేదు.